తైలనౌక

హైదరాబాదునకు సముద్రము లేదు. నానక్‌రామ్‌గూడలో నిలిచి నలుదిక్కులు పరికించువానికి గండశిలలును, ఆ శిలలను పగులగొట్టి లేపిన అద్దపు మేడలును కానవచ్చునే కాని ఓడ యను మాటకు అచట పనియే లేదు. అయినను ఆ మేడల క్రింద బారులు తీరిన మోటారు బండ్లును, విద్యుత్తు నిలిచిన క్షణమున గర్జించు డీజిలు యంత్రములును త్రాగుచున్న నూనె యొక్క పుట్టుక వెదకినచో త్రోవ తిన్నగా సముద్రమునకే పోవును. విశాఖపట్టణపు రేవున దిగిన ముడినూనె అచటి కర్మాగారమున శుద్ధి పొంది, విజయవాడ మీదుగా భూమిలో పాతిన గొట్టములగుండ సికిందరాబాదు వైపునకు వచ్చుచున్నది. బంకు వద్ద నిలుచువాడు నూనె వెలను గూర్చి విసుగుకొనును. అది వచ్చిన దారిని గూర్చి అడుగడు. మేమును చిరకాల మడుగలేదు.

ఈ నగరమునకు సముద్రయుద్ధముతో బొత్తిగా చుట్టఱికము లేదనుటయు సరికాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిజాం ప్రభువు ద్రవ్య మొసగిన కారణమున ఒక డిస్ట్రాయరునకు 'నిజాం' అని పేరు పెట్టి, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళమునకు అప్పగించిరి. ప్రభువు సొమ్మనగా తుదకు తెలంగాణపు రైతు కట్టిన శిస్తే కదా! సముద్రమును కన్నులార చూడని రైతు సొమ్ము క్రీటు ద్వీపము దాక, టోబ్రూకు దాక పోయి, పిదప హిందూమహాసముద్రమున తిరిగినది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైఋతిమూలను ఆ ఓడ ఒక పెద్ద కెరటమున ఒరిగిపోగా పదిమంది నావికులు కొట్టుకొనిపోయిరి. ఇదంతయు నౌకాదళ చరిత్రలలో వ్రాయబడి యున్నది. ఇట్టి యుద్ధనౌకలకు నూనె మోసి తెచ్చిన ఓడల సంగతియో, చాలవఱకు లెక్కల పుస్తకములలోనే నిలిచిపోయినది. మేమిపుడు ముచ్చటింప దలచినది అట్టి మోతకూలి ఓడ నొకదానిని గూర్చి. దాని పేరు ఒండీనా. అది డచ్చివారి ఓడ. అయినను దాని కథలో భారతనావికులకు పాలు కలదు, మన తూర్పుతీరపు చీకటిరోజులతో సంబంధమును కలదు.

తైలనౌక యనగా తేలియాడు తొట్ల వరుస యని తలంపవచ్చును. సరకుల ఓడలోవలె బస్తాలు పేర్చు కొట్లు దానికుండవు. పొట్టను నిలువుగోడలతో అడ్డుగోడలతో పెక్కు తొట్లుగా విభజించి, వానిని గొట్టములతోను పంపులతోను కలుపుదురు. నిప్పుతో పనిగల యంత్రము నూనెకు ఎడముగ నుండవలెనని దానిని వెనుకతట్టున అమర్చుదురు. చూచువానికి నిండుతొట్టియే భయంకరముగ తోచును. ఆ పనిలో నున్నవారు వట్టితొట్టికే ఎక్కువ వెఱతురు. ఏలయన నూనె దింపిన పిదప మిగిలిన ఆవిరి గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వ సోకినను ఓడను రెండుగా చీల్చగలదు. కాని ఈ తొట్లకట్టుబడిలోనే ఒక రక్షణయు నున్నది. ఒకచోట చిల్లుపడినను నీరు ఆ తొట్టికే పరిమిత మగును. తక్కిన తొట్లు ఓడను మోయుచుండును. నెమ్మదిగ నడచుట, తేలికగ అంటుకొనుట, అంత తేలికగ మునుగకుండుట, ఈ మూడును దాని లక్షణములు. ఒండీనా కథలో మూడును కానవచ్చును.

యుద్ధము వచ్చినపుడు ప్రభుత్వములు వర్తకుల ఓడలను స్వాధీనము చేసికొనుట పూర్వమునుండి యున్నదే. యజమానికి కొంత బాడుగ నిర్ణయింతురు; ఓడ ఎచటికి పోవలెనో, ఏమి మోయవలెనో ప్రభుత్వమే శాసించును. రంగు మార్చి బూడిదవన్నె పూయుదురు. వెనుకభాగమున పాతఫిరంగి యొకటి బిగించి, దానిని కాల్చుటకు నలుగురైదుగురు సైనికుల నెక్కింతురు. ఇంతవఱకు బాగుగనే యున్నది. మారనిది పనివారి స్థితి. నిన్న వర్తకుని కూలియై ఎక్కిన నావికుడు నేడు అదే కూలితో యుద్ధమున కేగుచున్నాడు. వానికి సైనికుని దుస్తులును లేవు, సైనికుని గౌరవమును లేదు. బ్రిటిషు ఓడలలో 1941 మే నెలలో క్రొత్తచట్టము వచ్చువఱకు ఓడ మునిగిన దినముతో నావికుని జీతమును ఆగిపోవుచుండెను. ఓడతోపాటు నీటిలో పడి, తెప్పనంటి ప్రాణము దక్కించుకొనుచున్న దినములకు కూలి లేదన్నమాట! ఇక లాస్కరులని పిలువబడిన మన భారతనావికుల మాట చెప్పనేల? తెల్లనావికునికిచ్చు జీతములో మూడవవంతో నాల్గవవంతో వారికి దక్కుచుండెను. 1939లో యుద్ధము ప్రారంభము కాగానే ఇంగ్లండు రేవులలో వారు జీతమునకై సమ్మెకట్టగా, కొందఱు చెఱసాల పాలైరి. సమ్మె వలన జీతములు కొంత పెరిగినవి; అంతరము మాత్రము పోలేదు.

మన కథ జరిగినది 1942లో. ఆ సంవత్సరము తెలుగువారికి మఱపురానిది. ఫిబ్రవరిలో సుమత్రాలోని పాలెంబాంగు నూనెగనులు జపాను వశమైనవి. మార్చి 8న రంగూను పడిపోయినది. శత్రువునకు దక్కకుండుటకై దాని ముందురోజుననే ఆ నగరము చెంతనున్న సిరియం శుద్ధి కర్మాగారమును ఆంగ్లేయులే పేల్చివేసిరి. ఏప్రిలు నడుమ ఏనాంజాంగు నూనెబావులకును అదే గతి పట్టినది. తెలుగువారికి బర్మా యనగా పరదేశము కాదు. గోదావరి, విశాఖ, గంజాము మండలములనుండి లక్షలమంది కూలికై రంగూనునకు పోయి, రేవున బస్తాలు మోసి, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిరి. కోరంగి రేవున ఓడ ఎక్కి వచ్చినవారగుటచే బర్మావారు తెలుగువారిని కోరంగీలనియే పిలిచిరి. ఆ కోరంగీలు ఇపుడు అడవులగుండ, కొండలగుండ, కలరా నడుమ కాలినడకను తిరిగివచ్చుచుండిరి. త్రోవలో ఎందఱో రాలిపోయిరి. బర్మా నుండి వచ్చుచుండిన బియ్యమును ఆగిపోయినది, కిరసనాయిలును ఆగిపోయినది. దేశములో మిగిలినవి అస్సాములోని డిగ్‌బోయి, పంజాబులోని అట్టాకు గనుల కొద్దిపాటి నూనె. తక్కినదంతయు పారసీకపు సింధుశాఖ నుండి, అబదాను మొదలగు రేవులనుండి తైలనౌకలలోనే రావలసి యుండెను. పల్లెలో గుడ్డిదీపమునకు నూనె కఱవైనదన్న, ఎక్కడనో సముద్రమున ఒక ఓడ ఆలస్యమైనదనియే అర్థము.

సముద్రమేమో నిరపాయముగ లేదు. జనవరి తుదిదినములలో సింధియా కంపెనీవారి జలతరంగ్, జలపాలక అను సరకుల ఓడలను వరుసగ రెండు దినములలో మదరాసు దాపున జపాను జలాంతర్గామి యొకటి ముంచివేసెను. ఏప్రిలు 6న ఒజావా నౌకాధిపతి నడిపిన దళము బంగాళాఖాతమున చొరబడి, దొరికిన ఓడనెల్ల మట్టుపెట్టెను. ర్యూజో అను విమానవాహక నౌక నుండి లేచిన విమానములు అదే దినమున విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచెను. బాంబులు చేసిన నష్టముకంటె భయము చేసిన నష్టమే ఎక్కువ. జనులు పెట్టెబేడలతో, పిల్లలతో, బండ్లు కట్టించుకొని లోపలి పల్లెలకు తరలిపోయిరి. విశాఖలో 1941 జూనులో రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిన ఓడల కర్మాగారపు పనియు ఆగిపోయెను. అచట కట్టిన మొదటి ఓడ జలఉష నీటిలోనికి జారుటకు 1948 మార్చి రావలసి వచ్చెను. ఆ ఏప్రిలు 9న సింహళపు తూర్పుతీరమున హెర్మిస్ అను విమానవాహక నౌక మునిగిన వార్తను లోకమంతయు విన్నది. అదే దినమున అదే చోట ఆథెల్‌స్టేన్, బ్రిటిష్ సార్జెంట్ అను రెండు తైలనౌకలును మునిగిన సంగతి ఎందఱు విన్నారు?

ఒండీనా 1939లో హాలెండున తయారైనది. పరిమాణము 6,341 టన్నులు. గంటకు 12 సముద్రపు మైళ్ల నడక. రాయల్ డచ్ షెల్ సంస్థవారిది. 1940 మే నెలలో జర్మనులు హాలెండును ఆక్రమింపగా డచ్చి ప్రభుత్వము లండనునకు పారిపోయి, ప్రపంచమంతట చెదరియున్న తన దేశపు ఓడలను అచటినుండియే స్వాధీనము చేసికొన్నది. స్వదేశము పోయిన ప్రభుత్వమునకు ఆ ఓడలే రాజ్యముగా మిగిలెనన్నచో అతిశయోక్తి కాదు. ఒండీనా అధికారులు డచ్చివారు. నాయకుడు విల్లెం హార్స్‌మన్. క్రిందిపనివారు చీనావారు. వెనుక బిగించినది ఒకే ఒక నాల్గంగుళముల ఫిరంగి. దానికి తోడు 32 గుండ్లు.

1942 నవంబరు 5న ఆ ఓడ ఆస్ట్రేలియా పడమటితీరమందలి ఫ్రీమాంటిల్ రేవునుండి డీగో గార్షియా వైపునకు బయలుదేరెను. కావలికి వెంట వచ్చినది భారత నౌకాదళపు బెంగాల్. అది మైన్‌స్వీపరు, అనగా సముద్రమున శత్రువులుంచిన మందుపాతరలను ఏరివేయు చిన్నఓడ. ఆస్ట్రేలియాలో భారతదేశమునకై క్రొత్తగా కట్టబడి, తొలిసారి స్వదేశమునకు వచ్చుచుండెను. నాయకుడు విల్సన్, నావికులు భారతీయులు. దానికి తగిన ఫిరంగి దొరకక పండ్రెండు పౌనుల చిన్నఫిరంగి యొకటి అమర్చి పంపిరి. కావలివాని చేతికఱ్ఱ కాపాడబడువాని చేతికఱ్ఱకంటె చిన్నదన్నమాట.

నవంబరు 11న కోకోస్ ద్వీపములకు నైఋతిని నడిసముద్రమున రెండు పెద్ద ఓడలు కానవచ్చెను. అవి జపానువారి హోకోకు మారు, ఐకోకు మారు. అవియు పూర్వము వర్తకుల ఓడలే. ప్రయాణికులకై తలపెట్టిన ఆ ఓడలను నౌకాదళమువారు తీసికొని ఫిరంగులు, టార్పీడో నాళములు, విమానములు ఎక్కించి వేటకు విడిచిరి. ఒక్కొక్కటి పదివేల టన్నులకు పైబడినది. నడక గంటకు సుమారు 21 సముద్రపు మైళ్లు. ఇటు ప్రభుత్వము పట్టిన ఓడ, అటును ప్రభుత్వము పట్టిన ఓడయే. ఒకదానికి తొట్లు మిగిలినవి, వేఱొకదానికి ఫిరంగులు మొలచినవి. అంతే భేదము.

విల్సన్ చేసినది సాహసమే. ఒండీనాను తప్పించుకొని పొమ్మని సంజ్ఞ చేసి, తన చిన్నఓడను తిన్నగా శత్రువుపైకి త్రిప్పెను. హార్స్‌మన్ లెక్క వేసికొనెను. పండ్రెండు మైళ్ల నడక ఇరువది యొక్క మైళ్ల నడకను ఎట్లు తప్పించుకొనగలదు? కావున పాఱిపోక తన ఫిరంగికి పని చెప్పెను. కొంతసేపటికి ఒక గుండు హోకోకు మారు వెనుకతట్టున తగిలి మంటలు రేగెను. మంటలు టార్పీడోలను అంటుకొనగా ఆ పెద్దఓడ పేలి మునిగిపోయెను. అది ఎవరి గుండు? బెంగాల్‌వారు తమదే యనిరి, ఒండీనావారును తమదే యనిరి. మాకు ఒండీనావారి వాదమే బలవత్తరముగ తోచుచున్నది. నాల్గంగుళముల గుండునకే అంత పనిచేయు శక్తి యుండవచ్చును. కాని ఆ గుండు తగులువఱకు శత్రువు ఫిరంగులలో కొన్నింటిని తనవైపునకు లాగికొన్న భారతనావికుల పాలును చిన్నది కాదు.

మిగిలిన ఐకోకు మారు ఊరకుండలేదు. బెంగాల్‌నకు దెబ్బలు తగిలెను, గుండ్లు దాదాపు అయిపోయెను. పొగతెర వేసి విల్సన్ వెనుదిరిగెను. ఆ దూరమునుండి చూడ ఒండీనా పని ముగిసినట్లే తోచెను. అట్లే అతడు తెలియజేసెను. అతడు పిఱికియై పోయెనని అనుట అన్యాయము. గుండులేని ఫిరంగితో నిలిచియున్నచో మునిగెడి ఓడలు రెండయ్యెడివి.

ఒండీనాలోను గుండ్లు నిండుకొన్నవి. ఓడను విడువుడని హార్స్‌మన్ ఉత్తరువిచ్చెను. ఆ ఉత్తరువు అమలగుచుండగనే వంతెనపై ఒక గుండు పడి అతడు మరణించెను. మిగిలినవారు పడవలు దింపి దూరముగ జరిగిరి. ఐకోకు మారు దగ్గఱకు వచ్చి రెండు టార్పీడోలు విడువగా ఒండీనా ప్రక్కను పెద్దబిలములు పడి ఓడ ఒరిగెను. పిదప శత్రువు చేసిన పని యుద్ధధర్మమునకు మచ్చ. నిరాయుధులై పడవలలో కూర్చున్నవారిపై మరఫిరంగులు ప్రయోగించెను. ప్రధాన యంత్రాధికారితో కూడ కొందఱు చనిపోయిరి. అటుపిమ్మట నీటిలోనున్న హోకోకు మారు నావికులను ఎక్కించుకొని, మఱియొక టార్పీడో విడిచి, అది గురితప్పగా, ఈ ఓడ ఎటులైనను మునిగిపోవునని తలంచి వెడలిపోయెను.

ఓడ మునుగలేదు. తొట్ల కట్టుబడి తన పని తాను చేసినది. చీలిన తొట్లు నీటితో నిండినను తక్కినవి మోయుచుండెను. ప్రథమాధికారి కొందఱిని వెంటబెట్టుకొని మరల ఓడ నెక్కెను. మొదట మంటలార్చిరి; పిదప ఎదుటిప్రక్క తొట్లలోనికి నీరు పోనిచ్చి ఒరుగు సరిచేసిరి. యంత్రము చెడలేదు. ముఖము మరల ఫ్రీమాంటిల్ వైపునకు త్రిప్పిరి. గాయపడినవారికి వైద్యుడు కావలెనని తీగలేని టెలిగ్రాఫున వార్త నంపిరి. సంకేతగ్రంథములు నీటిలో పాఱవేయబడి యుండుటచే మామూలుభాషలోనే పంపవలసి వచ్చెను. ఒండీనా మునిగినదని తలంచియున్న అధికారులకు ఇది జపానువారి మాయగ తోచెను. చచ్చినవాడు తలుపు తట్టి నేను బ్రతికియే యున్నానని చెప్పిన, ఎవరు త్వరగ నమ్ముదురు? వారము దినములకు ఆ ఓడ తన కాళ్లపై తానే రేవు చేరినది. బెంగాల్ అంతకుముందే డీగో గార్షియా చేరెను.

అటుపిమ్మటి కథ అంత వెలుగుగలది కాదు, కాని సేవయనిన నిజముగ అదియే యని మా యభిప్రాయము. ప్రక్క చీలిన ఓడను బాగుచేయుటకు ఆ తీరమున తగిన వసతి లేదు. దానిని ఆస్ట్రేలియా వాయవ్యతీరపు ఎక్స్‌మౌత్ సింధుశాఖలో లంగరు వేసి జలాంతర్గాములకు నూనె పోయు తొట్టిగా నిలిపిరి. యుద్ధవీరునివంటి ఓడ ఎండలో, ఈగల నడుమ, బంకుగా మారినది! 1944లో అమెరికాలోని టాంపా రేవునకు కొనిపోయి బాగుచేసిరి. యుద్ధానంతరము మరల వర్తకపు నూనె మోసి, 1959లో హాంగుకాంగున ఇనుపతుక్కుగ విఱువబడెను. హార్స్‌మన్‌నకు మరణానంతరము హాలెండువారి అత్యున్నత వీరపురస్కారము లభించెను. 1948లో ఓడకును రాజసన్మానపు ప్రశంస లభించినది. విల్సన్‌నకు డి.ఎస్.ఓ. బిరుదు వచ్చినది.

ఒండీనాను గూర్చి ప్రచారములోనున్న కథనములను చదివితిమి. హార్స్‌మన్ పేరు ప్రతి దానియందును కలదు. ఫిరంగి గురిపెట్టిన హమండ్ పేరును కలదు. అగ్నిగదిలోను, పంపుల వద్దను పనిచేసిన చీనావారు 'చీనా నావికులు' అను రెండుమాటలలో ఇమిడిపోయిరి. బెంగాల్‌లోని మనవారును తఱచుగా 'భారతీయ సిబ్బంది' అను మాటతోనే సరిపెట్టబడిరి. కూలివానికి కీర్తి ఏల, కూలి చాలదా యని ఎవరైన నడుగవచ్చును. ఆ కూలియే సరిగా ఈయలేదని ముందు చెప్పితిమి. ఈ యుద్ధమున ప్రాణములు కోల్పోయిన లాస్కరులు ఆరువేలకు పైబడిరి. బ్రిటిషు వర్తకనౌకలలో మరణించి సమాధియే లేని నావికుల పేర్లను లండనులోని టవర్ హిల్ స్మారకమున గోడలపై అందఱికి కనబడునట్లు నిలిపిరి. మన నావికుల పేర్లను గోడలపై చెక్కలేదు. ఒక గ్రంథమున వ్రాసి, దాని ప్రతులను చిట్టగాంగునను ముంబయినగరమునను ఉంచిరి. గోడ దారిన పోవువానికి తానే కనబడును. గ్రంథమును చూడగోరువాడు తలుపు తీయించుకొనవలెను. బర్మా త్రోవలో రాలిన కోరంగీలకు ఆ పాటి గ్రంథమైనను లేదు.

ఇది పరాయిప్రభుత్వపు నాటి మాట యని త్రోసివేయుటకు వీలులేదు. 1971 డిసెంబరులో తూర్పు నౌకాదళము విశాఖపట్టణము కేంద్రముగ యుద్ధమునకు దిగినపుడు మనకును అదే అవసరము వచ్చెను. విక్రాంత్ అను విమానవాహక నౌక బాయిలరులో బీట పడియుండెను. అయినను డిసెంబరు 4న దాని విమానములు కాక్సుబజారు, చిట్టగాంగులపై విరుచుకుపడెను. ఆ ముందు రాత్రియే విశాఖరేవు ముంగిట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయెను. ఈ రెండు సంగతులు పాఠశాల పిల్లలకును తెలియును. ఆ దళమునకు తూర్పుసముద్రమున నూనె పోయుటకు నౌకాదళపు సొంత ఓడలు చాలక, షిప్పింగు కార్పొరేషనువారి దేశ్ దీప్ అను తైలనౌకను స్వాధీనము చేసికొని పంపిరి. ఘాజీని గూర్చి చలనచిత్రము తీసిరి. విశాఖ కడలియొడ్డున విజయస్తంభము నిలిచినది, యుద్ధముననుండి విరమించిన కురుసుర అను జలాంతర్గామియు అచటనే ఒడ్డెక్కి ప్రదర్శనశాల యైనది. సెలవుదినములలో హైదరాబాదునుండి పోయినవారును చీటి కొని, ఆ జలాంతర్గామి ఇఱుకు త్రోవలలో వంగి నడచి, మంచము లెంత చిన్నవో చూచి వచ్చుచున్నారు. మేమును పోయి వచ్చితిమి. వెలుపలికి వచ్చి ఇసుకలో నిలిచి చూడగా, రేవులోనికి పోవుటకు వంతుకై వేచి, దూరమున లంగరు వేసిన పొడవైన ఓడ యొకటి కానవచ్చెను. యంత్రము వెనుకతట్టున నున్నది. ముందఱి భాగమంతయు చదునుగా, గొట్టములతో నిండియున్నది. శనగలమ్ము కుఱ్ఱవానిని అది ఏమి ఓడ యని అడిగితిమి. నూనె ఓడ యని చెప్పి, శనగల పొట్లము చేతిలో పెట్టెను.